ఎయిర్ ఫ్రయర్‌లో ఉల్లి పువ్వు: అంచులు మాడుతున్నాయి, నడుమ పచ్చిగా ఉంటోంది

ఆదివారం_వంట (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. పెద్ద ఉల్లిపాయను అడుగు తెగకుండా రేకులుగా కోసి, పిండి పట్టించి, విచ్చుకున్న పువ్వులాగా వేయించి, భోజనానికి ముందు అందరూ తలా ఒక రేకు తుంచుకొని తినేలా వడ్డించే వంటకం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మామూలుగా దీన్ని లీటరుకు పైగా నూనెలో ముంచి వేయిస్తారు. నూనె బాగా తగ్గించి ఎయిర్ ఫ్రయర్‌లో చేద్దామని నేను మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ మూడు రకాలుగా చెడింది.

మొదటిసారి, నూనెలో వేయించేటప్పుడు వాడే జారు పిండినే వాడాను. అది బుట్ట రంధ్రాలలోంచి కారి, కింద అట్టులాగా పేరుకుపోయింది, పాయ మాత్రం దాదాపు బోసిగానే మిగిలింది. రెండోసారి పొడి మైదా మాత్రమే చల్లితే, 18 నిమిషాల తరువాత కూడా రేకుల మీద తెల్లని మచ్చలు అలాగే ఉన్నాయి, నోట్లో పెట్టుకుంటే పచ్చి పిండి తగిలింది. మూడోసారి బ్రెడ్ పొడి అద్దాను. సగం పొడి గాలికి ఎగిరి మూలల్లో చేరింది, రేకుల కొసలు నల్లబడ్డాయి, నడుమ భాగం మాత్రం కోసినప్పటి ఘాటుతోనే ఉంది. మూడుసార్లూ వేడి 200 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే పెట్టాను.

నూనెలో వేయించినదానితో సరిసమానంగా రావాలని నేను ఆశించడం లేదు. కరకరలాడాలి, లోపల సమంగా ఉడకాలి, అంతే. నా తప్పు పిండిలో ఉందా, కోతలో ఉందా, వేడిలో ఉందా అన్నది తేల్చి చెప్పగలరా?

గాలిపొయ్యి

తప్పు మూడింటిలోనూ కొంత ఉంది, కానీ అన్నింటికీ మూలం ఆ పరికరం పేరులో ఉన్న ‘ఫ్రయర్’ అనే మాటను మనం నమ్మడమే. ఫిలిప్స్ సంస్థ 2010లో ఈ పేరుతో యంత్రాన్ని విడుదల చేసినప్పటి నుంచి, మనమంతా దాన్ని నూనె లేని మూకుడు అనుకుంటున్నాము. నిజానికి అది పైన వేడి తీగ, దాని మీద ఒక పంకా ఉన్న చిన్న ఓవెన్. వేడి గాలిని వేగంగా తిప్పడమే దాని పని.

నూనెకూ గాలికీ ఉన్న తేడా ఇక్కడ చాలా ముఖ్యం. 175 డిగ్రీల నూనెలో పాయను వదిలిన క్షణంలోనే ఆ వేడి ప్రతి రేకు సందులోకీ దూరి, జారు పిండిని కొన్ని సెకన్లలో గట్టిపరుస్తుంది. అదే వేడిలో ఉన్న గాలి అంత త్వరగా వేడిని అందించలేదు. పిండి గట్టిపడేలోపే కారిపోతుంది, మీకు మొదటిసారి జరిగింది అదే. రెండోసారి మిగిలిన తెల్ల మచ్చలకు కారణం, ఆ చోట పిండికి నూనె గానీ తడి గానీ తగలకపోవడం. పొడి పిండి వేడి గాలిలో ఎంతసేపు ఉన్నా ఉడకదు, ఎండుతుంది.

కాబట్టి నూనెను పూర్తిగా మానేయడం కాదు మనం చేయవలసింది, ఉన్న రెండు చెంచాల నూనెను సరిగ్గా అవసరమైన చోటికి ముందే చేర్చడం. పిండి విషయం తూకంరాళ్లు గారు నాకంటే బాగా చెబుతారు.

పొరపొర

నేను కోత గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే తొందరపడతారు.

300 గ్రాముల దరిదాపుల్లో ఉన్న, గుండ్రటి, గట్టి ఉల్లిపాయను ఎంచుకోండి. మొలక వచ్చినదీ, నొక్కితే మెత్తగా ఉన్నదీ పనికిరావు. కోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే కళ్లకు కొంత ఉపశమనం, ఎందుకంటే కళ్లు మండించే ఆవిరిని పుట్టించే ఎంజైములు చల్లదనంలో నెమ్మదిస్తాయి. కాడ వైపు ఒక సెంటీమీటరు కోసేసి, వేర్ల వైపు మాత్రం వేలాడే పోగులను గీకి వదిలేయండి, ఆ వేరు దిమ్మే రేకులన్నింటినీ పట్టి ఉంచేది. పైపొట్టు తీశాక, కోసిన వైపును పలక మీద బోర్లించండి. ఇప్పుడు వేరు దిమ్మ మీకు పైకి కనిపిస్తుంది. దాని అంచు నుంచి సుమారు ఒక సెంటీమీటరు వదిలి కత్తి మొనను దించి, కిందిదాకా నిలువుగా కోయండి. మొదట నాలుగు దిక్కులా నాలుగు గాట్లు, వాటి నడుమ మరో నాలుగు, ఆ ఎనిమిదింటి నడుమ మరో ఎనిమిది. నూనెలో వేయించేవారు పదహారు గాట్లు పెడతారు, కానీ ఎయిర్ ఫ్రయర్‌కు నేను పన్నెండు దాటను. రేకు మరీ సన్నమైతే కొస మాడుతుంది, మీ మూడో ప్రయత్నంలో నల్లబడింది ఆ కొసలే అయి ఉంటాయి. పన్నెండు రావాలంటే నాలుగు గాట్ల నడుమ ఒక్కొక్కటి బదులు రెండేసి పెట్టండి.

కోశాక వెంటనే విప్పదీయకండి, రేకులు విరుగుతాయి. మంచు ముక్కలు వేసిన నీళ్లలో, రేకులు కిందికి ఉండేలా అరగంట నుంచి గంట వరకు ముంచి ఉంచండి. ఉల్లి కణాలు నీటిని పీల్చుకొని బిగుసుకుంటాయి, రేకులు వాటంతట అవే వెనక్కి విచ్చుకుంటాయి, కోసినప్పుడు పైకి వచ్చిన ఘాటులో కొంత నీళ్లలోకి దిగిపోతుంది. విచ్చుకున్న తరువాత నడుమ నిలబడి ఉన్న మొగ్గలాంటి భాగాన్ని చిన్న చెంచాతోనో కత్తి మొనతోనో తీసేయండి. నడుమ పచ్చిగా ఉండటానికి సగం కారణం ఆ మొగ్గే. గాలి దూరడానికి అక్కడ సందే ఉండదు కదా.

తూకంరాళ్లు

పొరపొర గారు చెప్పిన నీళ్ల స్నానం తరువాత చేయవలసిన పనిని ఎవరూ చెప్పరు, అందుకే ముందు అది చెబుతాను: ఆరబెట్టడం. ఉల్లిపాయలో నూటికి 89 వంతుల వరకు నీరే. దానికి తోడు మనం గంటసేపు నీళ్లలో ఉంచాము. రేకుల మీద నీరు ఉన్నంతసేపు ఆ ఉపరితలం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎరుపు రంగు, వేపుడు వాసన వచ్చే రసాయన చర్య జోరుగా సాగాలంటే 140 డిగ్రీల పైన ఉండాలి. పాయను బోర్లించి జల్లెడ మీద ఇరవై నిమిషాలు వదిలేసి, తరువాత శుభ్రమైన పొడి గుడ్డ కొసను మెలిపెట్టి ఒక్కొక్క రేకు సందులోకి పంపి తుడవండి. చాకిరీ అనిపిస్తుంది, కానీ ఈ వంటకంలో ఐదు నిమిషాల శ్రమకు ఇంత ఫలితం ఇచ్చే పని మరొకటి లేదు.

ఇక పూత. ఒక పాయకు నా కొలతలు ఇవి. మైదా 25 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 15 గ్రాములు, మిరియాల పొడి, కారం, వెల్లుల్లి పొడి మీ ఇష్టాన్ని బట్టి. కార్న్‌ఫ్లోర్‌లో గ్లూటెన్ ఉండదు కాబట్టి పూత సాగకుండా పెళుసుగా వస్తుంది. అది లేకపోతే బియ్యప్పిండి కూడా ఆ పనే చేస్తుంది. రెండో దశకు ఒక గుడ్డు తెల్లసొన, ఒక పెద్ద చెంచా నీళ్లతో కలిపి చిలికినది. మూడో దశకు సన్నగా ఉన్న బ్రెడ్ పొడి 40 గ్రాములు.

అసలు కిటుకు బ్రెడ్ పొడిలో ఉంది. దాన్ని అలాగే అద్దకూడదు. రెండు టీస్పూన్ల నూనె వేసి, వేళ్లతో నలిపి, సన్నని మంట మీద పెనంలో మూడు నాలుగు నిమిషాలు లేత బంగారు రంగు వచ్చేదాకా కలుపుతూ వేయించి చల్లార్చండి. ఇలా చేస్తే ప్రతి పలుకుకూ నూనె ముందే అంటి ఉంటుంది, పొడి బరువెక్కి గాలికి అంత తేలిగ్గా ఎగరదు, రంగు కూడా ముందే వచ్చి ఉంటుంది కాబట్టి ఎయిర్ ఫ్రయర్ చేయవలసిన పని ఉల్లిపాయను ఉడికించి పూతను ఆరబెట్టడం మాత్రమే.

పట్టించేటప్పుడు పాయను లోతైన గిన్నెలో పెట్టి, పొడి పిండిని జల్లెడ పట్టినట్టు చల్లి, తలకిందులు చేసి దులపండి. తెల్లసొనను చెంచాతో సందుల్లో పోసి, మళ్లీ తలకిందులు చేసి, కారవలసినదంతా కారనివ్వండి. తరువాత ఒక చేత్తో రేకులను విడదీస్తూ రెండో చేత్తో బ్రెడ్ పొడిని చల్లి మెల్లగా నొక్కండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే పూత పట్టు పెంచుకుంటుంది. ఉప్పును ఉల్లిపాయకు నేరుగా రాయకండి, అది లోపలి నీటిని బయటికి లాగి పూతను తడిపేస్తుంది. ఉప్పు బ్రెడ్ పొడిలో కొంచెం, వడ్డించే ముందు పైన కొంచెం.

మంట_తగ్గించు

నా పేరే నా సలహా. 200 డిగ్రీలు ఈ వంటకానికి ఎక్కువ. రేకు కొస మిల్లీమీటర్ల మందం, పాయ అడుగు అంగుళం పైన మందం. రెండింటినీ ఒకే వేడిలో ఒకేసారి దింపాలనుకుంటే ఒకటి మాడాలి, లేదా ఒకటి పచ్చిగా ఉండాలి.

160 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు పెట్టండి, ఈ దశలో రంగు కోసం చూడకండి. తరువాత బుట్టను బయటికి తీసి, ఎక్కడైనా తెల్లగా పొడిగా కనిపిస్తే ఆ చోట మాత్రమే నూనె తుంపర కొట్టి, 190కి పెంచి 4 నుంచి 5 నిమిషాలు ఉంచండి. చివరి రెండు నిమిషాలు దగ్గరే ఉండండి. సన్నని పుల్లను అడుగు దగ్గర గుచ్చితే అడ్డు తగలకుండా దిగాలి. ఒక్కొక్క యంత్రంలో తీగ ఒక్కొక్క ఎత్తులో ఉంటుంది కాబట్టి, మొదటిసారి ఈ లెక్కలను అంచనాగానే తీసుకోండి.

ముదురు గోధుమ రంగు దాకా పోవద్దనడానికి రుచి ఒక్కటే కారణం కాదు. పిండి పదార్థాలను 120 డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చినా వేయించినా ఆరోగ్యానికి హాని చేయవచ్చని అనుమానించే అక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. రంగు ముదిరేకొద్దీ అది పెరుగుతుంది. నూనె తక్కువ వాడాము కదా అని నల్లగా మాడినదాన్ని ఆరోగ్యమని తినడంలో అర్థం లేదు.

ఉప్పుచెంచా

అందరూ పువ్వును ఎలా బతికించాలా అని ఆలోచిస్తున్నారు. ఎయిర్ ఫ్రయర్‌కు అసలు ఆ ఆకారమే సరిపడదని నా అభిప్రాయం. గాలి అన్ని వైపులా తగలాలంటే ముక్కలు విడివిడిగా, ఒకే వరుసలో, ఒకదానికొకటి ఆనకుండా ఉండాలి. ఈ కొలతకు ఉల్లి చక్రాలు, అదే మనం ఆనియన్ రింగ్స్ అనేవి, చక్కగా సరిపోతాయి. ఒక సెంటీమీటరు మందాన కోసి, 190 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పితే పని ముగుస్తుంది. పువ్వుకు పట్టే గంటన్నర శ్రమ దీనికి అక్కరలేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ప్రతి చక్రానికీ లోపలి వైపు పారదర్శకంగా, తడిగా, జారుడుగా ఒక పలచని పొర ఉంటుంది. గోటితో ఒక అంచు పట్టుకొని లాగితే పట్టు కాగితంలాగా ఊడి వస్తుంది. దాన్ని వదిలేస్తే పూత ఆ పొరకు పడుతుంది గానీ ఉల్లికి పట్టదు, కొరికినప్పుడు ఉల్లి మొత్తం జారి బయటికి వచ్చి చేతిలో ఖాళీ తొడుగు మిగులుతుంది.

పొరపొర

ఉప్పుచెంచా గారి పొర సంగతి అక్షరాలా నిజం, పువ్వులో ఆ పొరను తీయడం కుదరదని కూడా ఒప్పుకుంటాను. అయితే చక్రాలు చక్రాలే. బల్ల నడుమ ఒకే పళ్లెంలో విచ్చుకున్న పువ్వును చూసి చేతులు ముందుకు సాగడం వేరు, గుట్టగా పోసిన చక్రాలను తినడం వేరు. ఆదివారం_వంట గారు అడిగింది పువ్వు గురించి. అది సాధ్యమే, నేను చేస్తూనే ఉన్నాను.

మొలకెత్తినది

నేను ఈ వేదికకు కొత్త. గుడ్డు వాడని ఇంట్లో తెల్లసొనకు బదులు ఏమి వాడాలి? పాలతో ప్రయత్నిస్తే పూత పెళ్లలుగా రాలిపోయింది.

తూకంరాళ్లు

పాలు పలచన, పైగా గుడ్డులాగా వేడికి గట్టిపడి పట్టుకునే గుణం వాటికి లేదు. రెండు దారులు ఉన్నాయి. కార్న్‌ఫ్లోర్ రెండు పెద్ద చెంచాలు, మైదా రెండు పెద్ద చెంచాలు, నీళ్లు నాలుగైదు పెద్ద చెంచాలు కలిపి, చెంచా వెనుక వైపు ముంచి వేలితో గీస్తే గీత అలాగే నిలిచేంత చిక్కగా చేసుకోండి. ఇంతకంటే జారుగా ఉంటే కారుతుంది. లేదా శనగలు ఉడికించిన చిక్కని నీటిని చల్లార్చి, నురుగు వచ్చేదాకా చిలికి వాడండి, తెల్లసొనకు అది దగ్గరి చుట్టం. పెరుగును నీళ్లతో పలచన చేసి వాడేవారూ ఉన్నారు. పట్టు బాగుంటుంది గానీ, కరకర కొంత తగ్గుతుందని నా అనుభవం.

ఆదివారం_వంట

నాలుగో ప్రయత్నం చేశాను. సగం విజయం, ఒక చిన్న ప్రమాదం.

ముందు ప్రమాదం. బుట్టకు అంటుకోకుండా ఉంటుందని అడుగున బేకింగ్ కాగితం పరచి, ఖాళీ యంత్రాన్ని ఐదు నిమిషాలు వేడి చేశాను. పంకా గాలికి కాగితం లేచి పైన తీగకు అంటుకుంది. కాలిన వాసన రాగానే ఆపేశాను కాబట్టి ఒక మూల మాత్రమే నల్లబడింది, కానీ చాలా భయపడ్డాను.

విజయం సంగతికి వస్తే, పన్నెండు గాట్లు, మంచు నీళ్లు, ముందే వేయించిన బ్రెడ్ పొడి, రెండు దశల వేడి అన్నీ పాటించాను. బయటి రేకులు నిజంగానే కరకరలాడాయి, ఒక్క కొస కూడా నల్లబడలేదు. లోపలి రెండు వరుసలు మాత్రం ఉడికాయి గానీ మెత్తగా, కొంచెం తడిగా ఉన్నాయి. అతిథులు వచ్చే వేళ అవుతోందని ఆరబెట్టే సమయాన్ని ఐదు నిమిషాలకు కుదించాను. కారణం అదేనా?

గాలిపొయ్యి

కాగితం విషయంలో సూటిగా చెబుతాను: పైన ఆహారం బరువు లేకుండా కాగితాన్ని ఎప్పుడూ లోపల పెట్టకూడదు, ముందస్తు వేడి ఖాళీ బుట్టతోనే చేయాలి. ఈ వంటకానికి కాగితం అసలు అక్కరలేదు కూడా, అది అడుగు నుంచి వచ్చే గాలిని అడ్డుకుంటుంది. బుట్టకు బ్రష్షుతో నాలుగు చుక్కల నూనె రాస్తే చాలు. తుంపర కోసం గాలి నింపిన డబ్బాలలో వచ్చే నూనెలకు బదులు, మామూలు నూనె పోసుకొనే చిన్న స్ప్రే సీసా వాడండి. ఆ డబ్బాలలో కలిపే పదార్థాలు బుట్ట పూత మీద జిగటగా పేరుకొని, కాలక్రమేణా దాన్ని పాడుచేస్తాయి.

తడికి కారణం మీరు ఊహించిందే. లోపలి వరుసల్లో నిలిచిన నీరు ఆవిరై బయటికి పోవడానికి దారి లేక, పూతలోకే ఇంకింది. ఈసారి ఆరబెట్టే సమయాన్ని తగ్గించకండి. 12 నిమిషాల దశ ముగియగానే బుట్టను బయటికి లాగి ఒక్క నిమిషం ఆవిరి పోనిచ్చి, ఫోర్కుతో లోపలి రేకులను మెల్లగా విడదీసి, ఆ తరువాతే రెండో దశకు పంపండి.

మొలకెత్తినది

ఇంతా చేస్తే ఇది నిజంగా తేలికైనదేనా? నూనె తగ్గినా మైదా, బ్రెడ్ పొడి ఉన్నాయి కదా?

తూకంరాళ్లు

అడగవలసిన ప్రశ్న. లెక్క వేద్దాము. 300 గ్రాముల ఉల్లిలో సుమారు 120 కిలోకేలరీలు, 40 గ్రాముల పిండిలో 145, ఒక తెల్లసొనలో 17, బ్రెడ్ పొడిలో దాదాపు 160, రెండు టీస్పూన్ల నూనెలో 80. మొత్తం 520కి అటూ ఇటూ, అది కూడా పూత అంతా పాయకే పట్టిందనుకుంటే. నలుగురు పంచుకుంటే తలకు 130. నూనెలో ముంచినప్పుడు పూత పీల్చే నూనె ఈ రెండు చెంచాలకు చాలా రెట్లు ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మూకుడులోంచి తీసిన తరువాత, చల్లారే క్షణాల్లో లోపలికి పోతుంది. కాబట్టి తేలికే. అయితే మీరన్నట్టు ఇందులో పెద్ద వాటా పిండిదీ బ్రెడ్‌దీ, కాబట్టి ‘గాలితో చేసింది కనుక ఎంతైనా తినవచ్చు’ అనుకోవడం పొరపాటు.

అసలు బరువు పువ్వులో కాదు, నడుమ పెట్టే గిన్నెలో ఉంది. అర కప్పు మయొనైజ్ ఒక్కటే 700 కిలోకేలరీలు దాటుతుంది, మన పువ్వు మొత్తం కంటే ఎక్కువ. దాని బదులు 100 గ్రాముల పెరుగును గుడ్డలో వడకట్టి, నూరిన వెల్లుల్లి ఒక రెబ్బ, కారం, మిరియాలు, నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలపండి. మామూలు పెరుగైతే అంతా కలిపి 60, 70 దాటదు. ఇంత కష్టపడి నూనె తగ్గించి మయొనైజ్ గిన్నె పెట్టేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది, ఒకప్పుడు నేనూ అదే చేశాను.

ఉప్పుచెంచా

ఈ పెరుగు గిన్నె చక్రాలకూ సరిపోతుందని మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఆదివారం_వంట

ఐదో ప్రయత్నం ఫలితం చెప్పి వెళతాను. జల్లెడ మీద ఇరవై నిమిషాలూ కదపకుండా ఉంచాను, తరువాత గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డ పిండగలిగేంత తడిసింది, ఎంత నీరు మిగిలి ఉందో అప్పుడు అర్థమైంది. కాగితం లేదు. 160 దగ్గర 12 నిమిషాలు, ఒక నిమిషం విరామం, ఫోర్కుతో విడదీయడం, 190 దగ్గర 5 నిమిషాలు. ఈసారి లోపలి రేకును తుంచినప్పుడు కూడా టప్పుమని విరిగిన శబ్దం వచ్చింది. వేరు దిమ్మను ఆనుకొని ఉన్న చివరి వేలెడు భాగం మాత్రం మెత్తగానే ఉంది, అది తియ్యగా ఉడికి పెరుగులో ముంచుకోవడానికి బాగుంది కాబట్టి ఇక దానితో పోరాడను.

ఇద్దరు అతిథులు ఆలస్యంగా వచ్చారు. అప్పటికి మెత్తబడిన సగం పువ్వును 165 దగ్గర మూడు నిమిషాలు తిరిగి పెడితే చాలావరకు కరకర తిరిగి వచ్చింది. మైక్రోవేవ్‌లో పెట్టబోయిన ఇంకొకరి చేతిని సమయానికి ఆపగలిగాను. ఉప్పుచెంచా గారూ, విరిగిపోయిన రేకులను మీ చక్రాల పద్ధతిలోనే 190 దగ్గర విడిగా వేశాను, పళ్లెంలో ముందు ఖాళీ అయినవి అవే.

ఉప్పుచెంచా

నేను ఏమీ అనడం లేదు.